మా మేనకోడలి పరీక్ష

ముప్పదినాలుగవ యేట గూడ మనుష్యుడు పరీక్షకు గూర్చుండవలసి వచ్చునని మా మేనకోడలి వలన దెలిసికొంటిని. ఆమె మన దేశమున దంతవైద్య పట్టము పొంది, అమెరికాలో మరల నదియే చదివి, అటుపై నాలుగేండ్లు ఆసుపత్రిలో నుండి నోరు, దవడ, ముఖముల శస్త్రచికిత్స నేర్చినది. "ఇంకను పండ్లు పీకుటయే నేర్చుచున్నదా?" యని మా యింటి పెద్దలు నవ్వుచుండిరి. విఱిగిన దవడ నతుకుట, పుట్టుకతో చీలిన పెదవిని గూర్చుట, నోటి క్యాన్సరును గోసివేయుట ఆమె పని యని యెంత చెప్పినను వారి తల కెక్కలేదు. ఆమె పెండ్లి మాట యెత్తనీయకుండుటయే వారికి మందులేని వ్యాధిగా దోచినది.

ఈ శాస్త్రమునకు అక్కడ 1946లో నేర్పడిన బోర్డు కలదు. వారి పరీక్షలు రెండు. కంప్యూటరుపై వ్రాయు మొదటిదానిని ఆమె సులభముగా గడచినది. రెండవది మౌఖికము. పరీక్షకులు రోగి స్థితిని జెప్పి, నీవేమి చేయుదువని యడుగుదురు. అందు తప్పినది. ఆ సంగతి కన్నతల్లికి జెప్పక నాకు జెప్పినది.

ఆమెచే చిన్ననాడు అమరకోశము వల్లె వేయించినవాడను నేనే. "ఆదినుండి చెప్పుము, నడుమ నాగకుము" అనుట నా పద్ధతి. కావున నేనే టెలిఫోనులో పరీక్షకుడనైతిని. మాకు తెల్లవాఱుచుండగా వారికి సాయంకాలము. ఆమె పంపిన కార్డులను నేను చదువుట, ఆమె యుత్తర మిచ్చుట.

ఒకనాటి కార్డులో రోగికి క్రింది దవడపన్ను నాలుగు దినములుగా నొచ్చుచున్నది. గడ్డము క్రింద నిరువైపుల గట్టిగా వాచినది. నాలుక పైకి లేచినది, చొంగ కాఱుచున్నది, వెల్లకిల పండుకొనలేడు. ఆమె మొదలుపెట్టినది: ఇది లుడ్విగ్ ఆంజైనా, 1836లో లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించెను, చీము చేరు స్థానములివి, క్రిములివి, మందులివి. ఒక్క తొట్రుపాటు లేదు. నా చెవులకు పండుగగా నుండెను. అయినను నా చూపు ఆ కడపటి పంక్తి మీదనే నిలిచినది.

"అమ్మాయీ, ఈలోగా వాని యూపిరి యేమైనది?"

వైద్యమెఱిగి యడిగిన ప్రశ్న కాదది. అటువైపు చాలసేపు నిశ్శబ్దము.

"ఆసుపత్రిలోనైతే మొదట ఊపిరిదారియే చూతును, మామయ్యా. గొట్టము వేయుట, అది సాగకున్న మెడవద్ద శ్వాసనాళమును దెఱచుట, తరువాతనే చీము తీయుట. నా చేతులకిది తెలియును. ఎవరైన నెదుట గూర్చుండి యడిగినచో మాత్రము మీకు పాఠ మొప్పగించుచున్నట్లగును."

ఆ మాట నన్ను గ్రుచ్చినది. ఇరువదేండ్లుగా తరగతిలో సుశ్రుతుని పేరు చెప్పి, ముక్కు నతుకుట మనవారికే మొదట తెలియునని గర్వపడితిని. ఆయనయే గ్రంథము చదివియు అభ్యాసము లేనివాడు పనికి దగడని చెప్పి, సొరకాయల మీద కోతను, మృతపశువుల దంతముల మీద పెఱుకుటను శిష్యులకు విధించెనని చెప్పలేదు. 1794లో లండను పత్రిక ప్రకటించిన పూనా శస్త్రచికిత్సలో తెగిన ముక్కును మరల జేసినవాడు ఇటుకలు చేయు కులమువాడు. అదియు జెప్పలేదు. శ్లోకము మన యొద్ద నుంచుకొని కత్తిని వానికి విడిచి, వానిని దూరముగా నిలిపితిమి.

నాటినుండి పద్ధతి మార్చితిమి. మన భాషలో క్రియ వాక్యాంతమున వచ్చును గదా. ఆమెను మాత్రము క్రియతోనే మొదలిడుమంటిని. వ్యాకరణము చెప్పువాడ నిట్లనుట వింతయే. కొన్నాళ్లు తడబడినది, ఒకమాఱు కోపించి టెలిఫోను పెట్టివేసినది.

పరీక్ష వచ్చు నెలలో. తల్లికి ఇంకను తెలియదు. ఈ యుదయము పాత కార్డునే మరల దీసి, "నాలుక పైకి లేచినది" అని చదువుచుండగనే ఆమె యడ్డుపడి, "కూర్చుండబెట్టుదును, పండుకొననీయను" అనెను.