తూము

మా తిరుపతిలో పేటల పేళ్లు నీటిని మఱవలేదు. తాతయ్యగుంట, కొర్లగుంట అని దినమును పలుకుచుందుము. ఆ గుంట యెక్కడ అని అడుగువారు లేరు. ఊరికి ఉత్తరమున కొండ, దక్షిణమున స్వర్ణముఖి. కొండపై గురిసిన వాన యేటికి బోవు త్రోవలోనే మేమందఱమును ఇండ్లు గట్టుకొంటిమి.

మా వీధిలో సగమిండ్లు ఒక్క మేస్త్రీ కుటుంబము కట్టినవే. 1954లో విశ్వవిద్యాలయము వెలసి, ఉద్యోగులు కాపురములకు వచ్చుచుండిన కాలమున ఆ కుటుంబపు తాత మా తండ్రిగారి యింటికి పునాది వేసెను. చదువు లేనివాడు, రాతిని తట్టి దాని గుణము చెప్పగలవాడు. చంద్రగిరి రాజమహలు కఱ్ఱ లేకుండ రాయి, ఇటుక, సున్నములతోనే నిలిచినదని తన పూర్వులే దానిని గట్టినంత గర్వముతో జెప్పెడివాడట. ఆయన మా దక్షిణపు గోడ యడుగున ఒక తూము విడిచెను. “కొండనీళ్లు యేటికి పోవాల సామీ. గోడ అడ్డం పెడితే నిలబడతాయా?” అనెనట.

1981లో తుడా యను నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. పొలములు ప్లాట్లయ్యెను. కొడుకు కంట్రాక్టరయ్యెను, మనుమడు ఇంజినీరింగు చదివి అంతస్తుల మేడలు లేపుచున్నాడు. ఈ కుటుంబ చరిత్రము నిజమునకు మా కోరికల చరిత్రమే. పెరటి మన్ను వలదంటిమి, సిమెంటు పఱచిరి. ప్రహరీ యెత్తుగా నుండవలెనంటిమి, ఎత్తిరి.

నా దోషమును దాచను. ఇల్లు బాగుచేయించునపుడు వాస్తుపండితుని బిలిచితిని. నైరుతి మెఱకగా నుండవలెననియు, నీరు ఈశాన్యమునకు బాఱవలెననియు ఆయన సెలవిచ్చెను. ఈశాన్యమనగా మాకు ఎగువ! నీరు ఎగువకు బాఱునా యని, ఏండ్ల తరబడి బడిలో పాఠములు చెప్పిన నేను అడుగలేదు. మేస్త్రీ కొడుకు ఒక క్షణము నావంక జూచి, “మీరు చెప్పినట్లే” యని తూము మూసెను. సొమ్మిచ్చువాడను నేను గదా.

2021 నవంబరు వానలకు పట్టణపు వీధులు ఏఱులయ్యెను. మా నడవలో మోకాలిలోతు నీరు నిలిచెను. బీరువా క్రింది యరలోని పుస్తకములన్నియు ముద్దలయ్యెను. నా భార్య వంటయింటి గట్టుమీద గూర్చుండి, “ఇప్పుడు ఆ పండితుని బిలువరాదా?” అని మాత్ర మనెను. మనుమడు గడ్డపాఱ పట్టుకొని తానే వచ్చెను. గోడ యడుగు గొట్టగా తాత పేర్చిన రాళ్లు చెక్కు చెదరక బయటపడెను. నీరు గంటలో దిగిపోయెను.

మఱునాడు దక్షిణపు పొరుగువారు వచ్చి, ఆ తూము వెంటనే మూయింపుమని కోపించిరి. నీరు వారి యింట నిలిచినది. వారి గోడకు తూము లేదు. ఆ యిల్లు గట్టినదియు ఈ కుటుంబమే, వాస్తు చూచినదియు ఆ పండితుడే.

మా యింటినుండి కాలువవఱకు పదునొకండు ఇండ్లున్నవి. ప్రతి గోడకును తూము విడువుడని నేనును ఆ మనుమడును ఇంటింటికి దిరుగుచున్నాము. ఇంతవఱకు నలుగురు ఒప్పుకొనిరి. పొరుగువారు ఇంకను ఒప్పుకొనలేదు.