చెప్పులు విప్పితే నలభై డాలర్లు

మొన్న శనివారం డల్లాస్ శివారు పార్కుల, చెప్పులు విప్పించి గడ్డి మీద నడిపించినందుకు నలభై డాలర్లు తీసుకున్నరు. గ్రౌండింగట. “మీ పూర్వీకుల పాదాలు నేలను ఎట్లా తాకేవో ఊహించుకోండి” అని నడిపించే ఆమె కళ్లు మూయించింది. ఊహించుకున్న. కరీంనగర్ మే నెల ఎండల మా తాత ఒక యాపచెట్టు నీడ నుంచి ఇంకో యాపచెట్టు నీడకు ఉరికేటోడు. ఆయన పాదాలు నేలకు తాకుడే తక్కువ!

అయినా అక్కడికి వచ్చినోళ్లను తప్పుపట్టలేను. ఐర్లాండ్ నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తవ్వ పేరు చెప్పి ఒకామె కండ్లనీళ్లు పెట్టుకున్నది. మనోళ్లల్ల తాత తండ్రి పేరు ఎందరికి తెలుసు? కానీ నలభై డాలర్లు! పైగా ఎవరి చాప వాళ్లది, ఎవరి మౌనం వాళ్లది.

ఉట్టికాళ్ల నడకంటే పుష్యమాసంల ఆదిలాబాద్ పోయి చూడాలె. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు గోండుల్ల మెస్రం వంశపోళ్లు తెల్లబట్టలు కట్టుకొని, ఝరి అనే నీళ్ల పాత్ర పట్టుకొని, జన్నారం దిక్కు హస్తినమడుగు దాకా నడిచిపోతరు. అక్కడి గోదావరి నీళ్లతోటి అమావాస్య రాత్రి నాగదేవుడు నాగోబాకు అభిషేకం. కొత్త కోడండ్లను దేవుని ముందర పెద్దలకు చూపెట్టే భేటింగ్ అయితేనే వాళ్లు వంశంల కలిసినట్టు. ఒక్కరి ఆరోగ్యం కోసం ఎవరూ నడవరు. ఆ జాతరల జరిగే దర్బార్ ముచ్చట వేరే ఉన్నది. 1940ల నిజాం మీద తిరగబడ్డ గోండు వీరుడు కుమ్రం భీం నేలకొరిగినంక నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల బతుకు చూసి రమ్మని పంపింది. ఆయన కాలంల మొదలైన ఆ దర్బార్ల ఇప్పటికీ అధికార్ల ముందు అర్జీలు పెడతరు: పట్టా, రోడ్డు, తాగునీళ్లు. పాదం కింది భూమి నీదని కాయితం లేకపోతే, ఆ భూమి మీద ఎంత నడిస్తే ఏం శాంతి?

మా ఇంట్ల అంత పెద్ద నడకలు లేవు. దీపావళి పొద్దుగాల నాయినమ్మ నువ్వుల నూనె పెట్టి, శనగపిండి నలుగు రుద్ది, కుంకుడుకాయ రసం నెత్తిన పోసేది. కండ్లు మండి నేను మొత్తుకుంటే పక్కింటి పెద్దమ్మ వచ్చి చేతులు పట్టుకునేది. “జరసేపు ఓర్చుకో బిడ్డా” అనుకుంటనే నాయినమ్మ ఇంకో చెంబు పోసేది. తానమయినంక అక్క హారతి పట్టేది, నేను తల్లెల పైసలు వెయ్యాలె.

ఇక్కడ నా వాదన కొంచెం కుంటుతది. మా అక్క కూడా ఫీజు తీసుకున్నట్టే కద! కాకపోతే ఆ పైసలతోటి పటాకులు కొని సగం నాకే ఇచ్చేది. ఇంకో సంగతి గూడ మనసుల పడ్డది. ఇంటిల్లిపాదికీ ఒళ్లు రుద్దిన నాయినమ్మ వంతు వచ్చేసరికి కాగుల నీళ్లు సల్లారేవి. ఆమె వీపు ఎవరు రుద్దిన్రో నాకు యాదికి లేదు.

నేను చెప్పేదల్లా ఒక్కటే. మన పెద్దల ఆచారమని ఇప్పుడు సీసాలల్ల, సభ్యత్వాలల్ల అమ్ముతున్నదాంట్ల నూనె ఉన్నది, పిండి ఉన్నది, చేతులు పట్టుకునే పెద్దమ్మ లేదు. వచ్చే దీపావళికి ఆ నలభై డాలర్లు జేబుల పెట్టుకోండి. దోస్తుల పిల్లలను ఇంటికి పిలిచి తలంట్లు పొయ్యండి. ఇంట్ల పెద్దామె ఉంటే, వేడినీళ్లు మొదలు ఆమెకే పెట్టండి.