నురగ పలకల నావ

బెంగాలీ భాషలో ‘మలంచ’ అంటే పూలతోట. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో మలంచా అనే పేట ఒకటి ఉన్నది. ఉదయం వేళ ఆ వీధుల వెంట నడిచేవారికి ఒక ఇంటినుండి బెంగాలీ, పక్క ఇంటినుండి తెలుగు, ఆపై ఇంటినుండి హిందీయో ఒడియాయో వినిపిస్తాయి. ఖరగ్‌పూర్‌ను చిన్న భారతదేశమని పిలవడం అందుకే పరిపాటి అయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ కర్మాగారాన్ని నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పొట్ట చేతపట్టుకొని వచ్చి స్థిరపడుతూ వచ్చారు. ఇప్పుడు వారి మూడవ తరం, నాలుగవ తరం పిల్లలు ఇక్కడ చదువుకొంటున్నారు.

అటువంటి ఒక ఇంటిలో, రైల్వే కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న వృద్ధుడొకరున్నారు. ఆయన పుట్టింది శ్రీకాకుళం సముద్రతీరాన. తండ్రి తెప్ప మీద వేటకు పోయేవాడు. కొడుకు ఇనుము పట్టాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఇనుముతో మాటలాడిన ఆ చేతులకు ఇప్పుడు వణుకు వచ్చింది. టీ గ్లాసు పట్టుకోవాలన్నా రెండు చేతులూ కావాలి. పనిముట్ల పెట్టె మాత్రం నూనె తుడిచి, తుప్పు పట్టకుండా మంచం కింద భద్రంగా ఉన్నది.

పదమూడేళ్ళ మనుమడికి రేడియోతో నడిచే పడవ తయారు చేయాలన్న కోరిక కలిగింది. బజారులో దొరికే ఆటబొమ్మ కాదు, తన చేతులతో కట్టినది కావాలి. తండ్రికి డ్యూటీలతో తీరిక లేదు. చేయడం తెలిసిన చేతులు ఆడవు, ఆడే చేతులకు చేయడం తెలియదు. ఆ ఇద్దరి మధ్య ఉన్నది మాట ఒక్కటే. ఆ మాట కూడా సగమే! కుర్రవాడు వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, పుస్తకాలలో ఇంగ్లీషు నేర్చాడు. తెలుగు ఇంటిలో మాటలాడతాడు కాని చదవలేడు, వ్రాయలేడు.

గోల్‌బజారు నుండి థర్మోకోల్ పలకలు వచ్చాయి. బెంగాల్‌లో పండుగ అలంకారాలకు పూర్వం ‘శోలా’ అనే నీటిమొక్క బెండు వాడేవారు. మన జీలుగు బెండు అదే. చాలాచోట్ల ఆ స్థానాన్ని ఇప్పుడు థర్మోకోల్ ఆక్రమించింది. రెండింటి గుణం ఒక్కటే: ఒంటి నిండా గాలి. పాలిస్టైరీన్ గుళికలను ఆవిరితో ఉబ్బించి, అచ్చులో కలిపితే ఏర్పడే ఈ నురగ పలకలో నూటికి తొంభైఅయిదు పాళ్ళకు పైగా గాలే ఉంటుంది.

తొలి ప్రయత్నం తొలినాడే చెడింది. చెప్పులు అతికే రబ్బరు జిగురు ఇంటిలో ఉంటే కుర్రవాడు దానినే పలకల మధ్య పూశాడు. చూస్తూండగానే పలక కరిగి గుంటలు పడింది. పెద్దాయన నిర్ఘాంతపోయారు. ఇనుము ఎక్కడ ఎంత వేడికి ఎర్రబారుతుందో కంటితో చెప్పగల మనిషికి, జిగురు తగిలి కరిగిపోయే సరుకు కొత్త. అటువంటి జిగుళ్ళలోని ద్రావకాలు పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి. పెట్రోలు చేసే పనీ అదే. ఫైబర్ పడవలకు వాడే పాలిస్టర్ రెజిన్ కూడా దీనిని తినేస్తుంది. “నాకూ తెలియదురా బాబూ, ఇద్దరం నేర్చుకొందాం” అన్నారాయన. తాతకు తెలియనిది కూడా ఒకటి ఉన్నదని తెలిసిన తరువాత కుర్రవాడికి జంకు తీరి, ప్రశ్నలు ఎక్కువైనాయి.

రెండవసారి కర్రపనికి వాడే తెల్ల జిగురు పూసి, వెదురు పుల్లలు గుచ్చి, పైన ఇటుకలు పేర్చారు. గాలి చొరని నురగ మధ్యలో ఆ జిగురు తొందరగా ఆరదు. రెండు రోజులు వేచి ఉండవలసి వచ్చింది. అంచులు కోయడానికి సన్నని నైక్రోమ్ తీగకు విద్యుత్తు పంపి వేడిచేశారు. పొగ మంచిది కాదని ఆ పని ఆరుబయట జరిగింది. పైన కాగితం పొరలు వేసి, నురగకు హాని చేయని ఎపాక్సీ పూశారు.

లెక్క కుర్రవాడిదే. పడవ పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 20, మందం 5. ముందు భాగం కోసుగా చెక్కగా మిగిలిన అడుగు వైశాల్యం సుమారు 1000 చదరపు సెంటీమీటర్లు. మోటారు, బ్యాటరీ, చుక్కానిని తిప్పే సర్వో, రేడియో గ్రాహకం అన్నీ కలిపి బరువు 800 గ్రాములు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుందన్న ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం ఈ పడవ 8 మిల్లీమీటర్ల లోతున మాత్రమే మునగాలి. సిమెంటు తొట్టిలో పెట్టి చూస్తే ఇంచుమించు అంతే మునిగింది.

“లోపలికి నీళ్ళు వస్తే?” అని అడిగాడు మనుమడు. పెద్దాయన నవ్వారు. “తెప్పకు లోపలేముందిరా? మా నాయన తెప్పలోకి నీళ్ళు రావడమూ పోవడమూ రోజూ ఉండేదే. ఒక్కనాడూ మునగలేదు” అన్నారు. ఇనుప ఓడ బోలుగా ఉండబట్టి తేలుతుంది. చిల్లు పడితే మునుగుతుంది. తెప్ప అలా కాదు, తేలిక దుంగలు పక్కపక్కన కట్టినది కాబట్టి కర్ర స్వభావం చేతనే తేలుతుంది. నురగ పలకల నావ రూపంలో ఓడే అయినా స్వభావంలో తెప్ప. బడి పుస్తకంలో లేని ఈ భేదం కుర్రవాడికి తాత నోట తెలిసింది.

కుర్రవాడు భాగాలను ఇంగ్లీషు పేర్లతో పిలుస్తుంటే పెద్దాయనకు తికమకగా ఉండేది. తెలుగు పేర్లు చెబితే అతడికి అర్థమయ్యేది కాదు. పడవ ముందు భాగం అణియం, వెనుక భాగం అమరం. దారి తిప్పేది చుక్కాని. ఈ మాటలు ఆయన తండ్రి వద్ద విన్నవి, కర్మాగారంలో ఎన్నడూ అవసరపడనివి. ఇప్పుడు అవసరపడ్డాయి. “అణియం కిందికి వాలుతోంది, బ్యాటరీని అమరం వైపు ఒక వేలు జరుపు” అని తాత మంచం మీదనుండి చెబితే, తొట్టి వద్ద మనుమడు వేలెడు జరిపేవాడు. చేయి చూపించి చెప్పగల స్థితిలో ఆయన ఉంటే ఆ మాటలు పుట్టి ఉండేవే కావు.

అన్నిటికంటె కష్టమైన పని మోటారు ఇరుసునూ పంఖా ఇరుసునూ ఒకే సూటిలో నిలపడం. వెంట్రుక వాసి తేడా ఉన్నా పడవ అంతా అదురుతుంది, బ్యాటరీ శక్తి వృథా అవుతుంది. అది మాత్రం ఫిట్టరు విద్య. దారం బిగించి చూడడం, బుష్‌లో గ్రీజు ఎంత నింపాలి, మర ఎక్కడ ఆపాలి అన్నీ ఆయన మాటలతోనే చెప్పారు. చివరకు మోటారు తిరుగుతుండగా వణికే అరచేతిని పడవపై ఆనించి, కళ్ళు మూసుకొని, “ఇంకా కొంచెం ఎడమకు” అన్నారు. ఆ సవరణతో అదురు ఆగిపోయింది. తన చేతి వణుకు ఏదో, ఇరుసు వణుకు ఏదో ఆ చేతికే తెలుసు.

తీగ లేకుండా సంకేతం పంపే విద్యకు ఈ ప్రాంతంతో పాత సంబంధమే ఉన్నది. 1890ల మధ్యకాలంలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనిపించని తరంగాలతో దూరాన ఉన్న గంటను మ్రోగించి చూపారు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రేడియోతో నడిచే చిన్న పడవను ప్రదర్శించారు. మలంచాలోని నావ ఆ వంశానికి చెందినదే. దానికి వాడిన తరంగాల పౌనఃపున్యం 2.4 గిగాహెర్ట్జ్. అవి నీటిలో త్వరగా క్షీణిస్తాయి కనుక గ్రాహకం తీగను నీటిమట్టానికి పైన నిలిపారు.

నమూనా పడవలు పిల్లల ఆట మాత్రమే కావు. విలియం ఫ్రౌడ్ 1872లో ఇంగ్లండ్‌లోని టార్కీ పట్టణంలో పొడవాటి నీటి తొట్టి కట్టి, మైనపు నమూనాలను లాగించి ఓడల నిరోధాన్ని కొలిచారు. నమూనా పొడవు ఓడలో 25వ వంతు ఉంటే, దాని వేగం అయిదవ వంతు ఉన్నప్పుడే అలల తీరు సరిపోలుతుందన్నది ఆయన చూపిన నియమం. ఖరగ్‌పూర్‌లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో 1951లో మొదలైన ఐ.ఐ.టి.లో ఆ మరుసటి ఏటినుండే నౌకానిర్మాణ శాస్త్రం బోధిస్తున్నారు. అటువంటి పరీక్షా తొట్టి అక్కడా ఉన్నది. ఫ్రౌడ్ పేరు వినని పెద్దాయన మాత్రం, “అంత జోరుగా వద్దు, మెల్లగా పోనీ. అప్పుడే ఓడలా ఉంటుంది” అన్నారు.

పోలి పాడ్యమి నాడు పడవను చెరువులో దింపారు. తెల్లవారుజామున తెలుగు ఆడవారు అరటి దొప్పలలో వదిలిన దీపాలు ఆరిపోయి, ఒడ్డున చేరి ఉన్నాయి. వాటి పక్కనుండి నురగ నావ బయలుదేరింది. చెప్పిన వైపు తిరిగింది, ఆగమంటే ఆగింది. ఒడ్డున పిల్లలు చప్పట్లు కొట్టారు. నడిచెరువు దాటాక గుర్రపుడెక్క వేళ్ళు పంఖాకు చుట్టుకొని మోటారు నిలిచిపోయింది. కుర్రవాడి ముఖం వాడిపోయింది. “మునగదులే” అన్నారు పెద్దాయన. ఆ చెరువులో చేపలు పెంచే బెంగాలీ యువకుడు అరటి బోదెల తెప్ప ఎక్కి వెళ్ళి దానిని తెచ్చి ఇచ్చాడు. ఆ తెప్పను వారు ‘భేలా’ అంటారు. రేడియో నావను ఒడ్డుకు చేర్చింది దానికంటె ఎంతో పాతదైన నావ.

పడవ లెక్కలు వ్రాసుకొన్న నోటుపుస్తకం ఒడ్డున ఉన్నది. అందులో తాత చెప్పిన మాటలన్నీ కుర్రవాడు బెంగాలీ లిపిలో వ్రాసుకొన్నాడు. అది చూసినపుడు పెద్దాయన మనసు ఒకింత చివుక్కుమన్నది. తోటి విద్యార్థి ఆ పేజీ తీసి పైకి చదివాడు. బెంగాలీ ఉచ్చారణలో అకారం ఒకారానికి దగ్గరగా పలుకుతుంది. ‘అమరం’ కాస్తా ‘ఒమొరొమ్’ అయింది! అందరూ నవ్వారు. కుర్రవాడు నవ్వలేదు. “అది కాదు, అలా కాదు” అని రెండు మూడుసార్లు సరిగా పలికి చూపాడు. తాను వ్రాసింది తనకు తప్ప మరెవరికీ ఆ మాటను అందించడం లేదని అతడికి అప్పుడు తెలిసింది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు ఎంతోకాలంగా కోరుకొన్నది అది. అటువంటి గుర్తింపు భాషకు గౌరవమిస్తుంది, అవకాశమిస్తుంది. కాని అవసరాన్ని ఇవ్వగలిగేది పని మాత్రమే. ఒక ఇరుసు సూటిగా నిలవడానికి, ఒక పడవ ఒరగకుండా ఉండడానికి ఫలానా మాటే కావలసి వచ్చినపుడు, ఆ మాట నేర్చుకొమ్మని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి మనుమడు నోటుపుస్తకం తెచ్చి, “తాతా, అణియం మన అక్షరాలలో ఎలా వ్రాయాలి?” అని అడిగాడు. పెద్దాయన కలం అందుకొన్నారు. చేయి వణికింది. గీత గీతలో కలవలేదు. కలాన్ని మనుమడికే తిరిగి ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో పడవకు చెప్పినట్లే చెప్పసాగారు. మొదటి అక్షరం మూడవసారికి కుదిరింది.