పార్సిల్ తీసుకోని సరుకు లాంటి ఒక సంగీతం

పోయినసారి నా రాత చాలా పొడుగైందని ఇద్దరు ఫోన్ చేసి చెప్పారు. ఈసారి కొంచెం తగ్గించాను. మామూలుగా చెప్పేదే మళ్ళీ చెబుతున్నా: నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు ఇంట్లో మాట్లాడిన భాషే గాని బళ్ళో నేర్చినది కాదు. అక్షరాలు నలభై దాటాక చంద్రపూర్లోనే దిద్దుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఈసారి ఈమని శంకరశాస్త్రిగారి గురించి. వీణ అనగానే మన ఇళ్ళలో చిట్టిబాబు పేరు చెబుతారు. ఆ చిట్టిబాబుకు గురువు ఈయన. 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారూ వైణికులే. జెమినీ స్టూడియోలో పనిచేసి, 1950లలో మద్రాసు ఆకాశవాణిలో ఉండి, ఆ తర్వాత ఢిల్లీ వెళ్ళి ఆకాశవాణి వాద్యవృందాన్ని నడిపారు. 1952లో ఆ వాద్యవృందం మొదలైనప్పుడు దాన్ని నడిపింది పండిట్ రవిశంకర్. అలాంటి పీఠం మీద మన ద్రాక్షారామం మనిషి కూర్చున్నాడు. ఉత్తరాది వాద్యాలనూ దక్షిణాది వాద్యాలనూ ఒకచోట కూర్చోబెట్టి, అందరికీ కలిపి సంగీతం రాశాడు. అందులో పేరున్నది 'ఆదర్శ శిఖరారోహణం'.

మా నాయన మద్రాసు స్టేషన్‌లో ఆయన వీణ విని పెరిగిన మనిషి. 1986 ఎండాకాలం నన్ను చూడటానికి చంద్రపూర్ వచ్చాడు. మన ఊరి ఎండ మీకు చెప్పక్కర్లేదు. రాత్రి డాబా మీద నీళ్ళు చల్లి, చాపలేసుకుని, పక్కన రేడియో పెట్టుకునేవాళ్ళం. ఒక రాత్రి ఢిల్లీ రిలేలో ఈ వాద్యవృందం వచ్చింది. నాయన లేచి కూర్చుని, "ఒరే, టేపు పెట్టరా!" అన్నాడు. నేను కిందికి పరిగెత్తి టేప్ రికార్డర్ తెచ్చేలోపు మొదలు కాస్త పోయింది. మిగతాది ఎక్కింది. మధ్యలో నాయన దగ్గూ ఎక్కింది. దూరంగా గూడ్సు బండి కూతా ఎక్కింది. అయిపోయాక నాయన ఒక్కటే మాట అన్నాడు: "వీణ ఒకడు వాయిస్తే ఇంటికి సుఖం, ఇంతమంది కలిసి వాయిస్తే ఊరికి సుఖం."

మరుసటి ఏడాది డిసెంబరులో శాస్త్రిగారు పోయారు. కొన్నేళ్ళకు నాయనా పోయాడు. ఆ క్యాసెట్ మిగిలింది. తర్వాత మన సంఘం కార్యక్రమం ఒకటి రికార్డు చేయాలంటే ఖాళీ క్యాసెట్‌లతో పాటు అదీ సంచీలో వెళ్ళిపోయింది. దాని మీద ఉపన్యాసం ఎక్కింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. చెరగకుండా ఉండాలంటే క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టాలి. ముప్పై ఏళ్ళు రైల్వేలో ప్రతి కాగితానికీ ముద్ర వేసిన గుమాస్తాను, ఆ ఒక్క ముక్క విరగ్గొట్టడం మరిచాను. ఆ ఉపన్యాసం ఇప్పటికీ నా దగ్గరుంది. నాయన దగ్గు లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వాద్యవృందానికి ఒక కష్టం ఉంది. త్యాగరాజస్వామి కీర్తన పుస్తకం లేకపోయినా బతుకుతుంది. గురువు నోట్లోంచి శిష్యుడి నోట్లోకి వెళుతుంది. వీణ బాణీ కూడా అంతే, వేలి నుంచి వేలికి. కానీ ఇంతమంది కలిసి వాయించే సంగీతం ఏ ఒక్క శిష్యుడి దగ్గరా మొత్తంగా ఉండదు. వేణువు వాయించినాయన తన ముక్క పట్టుకుని రిటైరయ్యాడు, సితార్ వాయించినాయన తన ముక్క పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ అంతమందిని కూర్చోబెట్టి వాయిస్తేనే అది ఉన్నట్టు. మా పార్సిల్ ఆఫీసులో కొన్ని సరుకులు అలాగే పడి ఉండేవి. సరుకు చెడిపోలేదు, చిరునామా సరిగ్గానే ఉంది, వచ్చి తీసుకునేవాడే లేడు.

మా అబ్బాయికి పాశ్చాత్య సంగీతం ఇష్టం. వాడు మాలర్ అనే ఆయన సంగతి చెప్పాడు. 1911లో పోయాడు. యూదుడని నాజీలు ఆయన సంగీతాన్ని నిషేధించారు. యుద్ధం అయిపోయాక కూడా ఎక్కువమంది పట్టించుకోలేదట. 1960లలో బెర్న్‌స్టీన్ అనే ఆయన సింఫనీలన్నీ వరసగా రికార్డు చేశాక ప్రపంచం మళ్ళీ వినసాగింది. కాగితం మీద స్వరాలు ఉన్నాయి కాబట్టి, అడిగే మనిషి పుట్టాడు కాబట్టి అది జరిగింది. మనవాళ్ళకూ అలా ఎందుకు జరగకూడదు?

ఆ అబ్బాయే పోయిన నెల ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన పాత రికార్డింగు వెతికి నాకు పంపాడు. గరగరమంటోంది, సగం వాద్యాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అయినా మూడుసార్లు విన్నాను. మూడోసారి ఫలానా చోట నాయన దగ్గాలి కదా అని ఆగాను.

ఇప్పుడు అసలు కబురు. మన సంఘంలో వీణ నేర్చుకుంటున్న అమ్మాయి ఆ రికార్డింగు విని స్వరాలు రాస్తోంది. మొత్తం కాదు, ఐదు నిమిషాల ముక్క. వయొలిన్ పిల్లవాడు, ఫ్లూటు నేర్చుకునే అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ సరే అన్నారు. తబలాకు మా పాత గార్డుగారి మనవడు వస్తానన్నాడు. వాడు మరాఠీ పిల్లవాడు. ఉగాదికి వాయిస్తారు, ఫోన్‌లోనైనా రికార్డు చేస్తాం. పెద్దవాళ్ళు వాయించినట్టు ఉండదు, నాకు తెలుసు. మంచి వాద్యవృందం ఒకటి ఆ సంగీతాన్నంతా కొత్తగా రికార్డు చేసే రోజు వస్తుందని నా ఆశ. అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం.

ఆదివారం సాయంత్రాలు సాధనకు హాలు తాళం కావాలి. మృదంగం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. రికార్డింగు మాత్రం నాలుగు ఫోన్లలో దాచుదాం. ఈసారి నా ఒక్కడి దగ్గరే ఉంచను.