పెద్దాయన పిజ్జా కొట్టు

'పిజ్జా కోసం గంటసేపు నిలబడాలా? ఈపాటికి ఇంట్లో ఉంటే అన్నం, పప్పుచారు అయిపోయేవి' అంది మా ఆవిడ.

అది 2012 వేసవి. న్యూజెర్సీలో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లి నెల రోజులైంది. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్... అందరూ చూసేవన్నీ మేమూ చూసేశాం. 'ఈ ఆదివారం మీకు అసలైన న్యూయార్క్ చూపిస్తాను' అంటూ అమ్మాయి మమ్మల్ని రైలెక్కించింది. అది క్యూ రైలు. పేరుకు తగ్గట్టే దిగాక కూడా క్యూనే ఎదురైంది!

మాన్‌హటన్ నుంచి సుమారు ముప్పావు గంట ప్రయాణం. మాన్‌హటన్ బ్రిడ్జి మీద రైలు ఈస్ట్ రివర్ దాటుతుంటే పక్కనే బ్రూక్లిన్ బ్రిడ్జి కనిపిస్తుంది. ఆ తర్వాత ఆకాశహర్మ్యాలన్నీ వెనక్కి వెళ్లిపోయి ఇళ్లూ, పెరళ్లూ, చెట్లూ మొదలవుతాయి. ఎవెన్యూ జె స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే 'డి ఫారా పిజ్జా'.

ఈ పేటను మిడ్‌వుడ్ అంటారు. సంప్రదాయాన్ని నిష్ఠగా పాటించే యూదులు ఎక్కువగా ఉంటారిక్కడ. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం కాబట్టి ఆదివారం బజారు కళకళలాడుతోంది. నల్లకోట్లు, నల్లటోపీల మగవాళ్లు, పిల్లల బళ్లు తోసుకుంటూ వెళ్లే తల్లులు, రొట్టెల దుకాణాలు. తిండి విషయంలో వాళ్లది మన మడి ఆచారం లాంటి పద్ధతే. కోషర్ అంటారు. మాంసాన్నీ పాలపదార్థాలనూ కలపరు. ఆ నియమాలు పాటించే వాళ్లకు ఈ పిజ్జా పనికిరాదు. అందుకే పక్కింటివాళ్లలో చాలామంది తినని పిజ్జా కోసం ఊరంతా రైలెక్కి వస్తుంది!

కొట్టు చూస్తే నిరాశే కలిగింది. చిన్న గది, పాతబడిన బల్లలు కొన్ని, గోడల మీద పత్రికల కత్తిరింపులు. మన చిన్న ఊళ్ల బస్టాండు దగ్గర కాఫీ హోటలు ఇంతకంటే పెద్దగా ఉంటుంది. కౌంటర్ వెనక మాత్రం కాస్త వంగిన నడుముతో ఒక పెద్దాయన. కౌంటర్ ముందున్న వాళ్లందరి కళ్లూ ఆయన చేతుల మీదే.

ఆయన పేరు డొమినిక్ డిమార్కో. 1936లో ఇటలీలోని కసెర్టా ప్రాంతంలో పుట్టారు. 1959లో అమెరికా వచ్చారు. 1965లో ఫరీనా అనే భాగస్వామితో కలిసి ఈ కొట్టు పెట్టారు. ఇద్దరి ఇంటిపేర్లూ కలిపితే డి ఫారా అయింది. ఇటాలియన్ భాషలో ఫరీనా అంటే పిండి అని అర్థం. పిజ్జా కొట్టుకు అంతకంటే మంచి శకునం ఏముంటుంది? తర్వాత భాగస్వామి తప్పుకున్నా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

చేతులే కొలతలు

ఆయన పనితీరు చూడాల్సిందే. ముందు పిండిముద్దను వేళ్లతో నొక్కి, లాగి గుండ్రంగా చేస్తారు. దాని మీద టొమాటో గుజ్జు. వెసూవియస్ అగ్నిపర్వతం పరిసరాల్లో పండే శాన్ మర్జానో రకం టొమాటోలంటే ఇటాలియన్లకు ప్రాణం. ఈయనదీ ఆ రకమే. ఆపైన రెండు రకాల మోజరెల్లా చీజ్. ఒకటి ఆవుపాలది, రెండోది గేదెపాలది. గేదెపాల మోజరెల్లాకు ఆయన పుట్టిన కసెర్టా పెట్టింది పేరు. ఆ తర్వాత పొడవాటి కొమ్మున్న చెంబులోంచి ఆలివ్ నూనె ధారగా, గుండ్రంగా పోస్తారు. మనవాళ్లు పొంగల్ మీద నెయ్యి పోసినంత ధారాళంగా.

ఓవెన్ తలుపు తీసి వేడి వేడి పిజ్జాను ఒట్టి చేత్తోనే తిప్పారు. మా ఆవిడ 'అయ్యో' అంది. ఆయనకేం కాలేదు. బయటికి తీశాక చీజ్ తురుము చల్లి, చివరగా ఒక చేత్తో బేసిల్ ఆకుల కట్ట, ఇంకో చేత్తో కత్తెర పట్టుకున్నారు. పిజ్జా మీదే కరకరా కత్తిరిస్తుంటే ఆ వాసన క్యూలో చివరనున్న వాళ్లదాకా వచ్చింది. బేసిల్ మన తులసికి దగ్గరి చుట్టమే మరి.

వెనక ఎంతమంది నిలబడ్డా ఆయన చేయి వేగం పెరగదు. దశాబ్దాల పాటు ఇక్కడి పిజ్జాలు దాదాపు అన్నీ ఆయన చేత్తోనే తయారయ్యాయి. పిల్లలు ఆర్డర్లు తీసుకునేవారు, సాయపడేవారు. పిండి మీద చేయి మాత్రం ఆయనదే. 2009లో ముక్క ధర 5 డాలర్లు చేసినప్పుడు నగరమంతా చెప్పుకున్నారట. ఒక డాలరుకే ముక్క అమ్మే కొట్లు ఉన్న ఊరు అది! అయినా క్యూ తగ్గలేదు.

సణుగుడు ఆపేసి మా ఆవిడ ఎప్పుడో కౌంటర్ ముందుకు చేరింది. 'చూశారా, గరిటె తప్ప కొలత లేదు. మా అమ్మ చేయి ఇలాగే ఉండేది' అంది.

మాంసం లేని మామూలు పిజ్జా తీసుకున్నాం. అడుగున పలచగా, కరకరలాడుతూ, అంచుల్లో అక్కడక్కడా నల్లగా మాడి ఉంది. పైన టొమాటో పులుపు, చీజ్ ఉప్పదనం, నూనె కమ్మదనం. ముంజేతి మీదుగా నూనె కారుతుంటే కాగితాలతో తుడుచుకుంటూ తిన్నాం. విజయవాడ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాక వేళ్లు నాక్కున్నట్టే ఇక్కడా నాక్కున్నాం. ఎవరూ తప్పుగా చూడలేదు. అందరి పనీ అదే.

ఆయన లేని కౌంటర్

2022 మార్చి 17న డిమార్కో తన 85వ ఏట కన్నుమూశారు. అమ్మాయి ఫోన్లో చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట: 'ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?'

మన ఊళ్లలోనూ ఇది మామూలు కథే. పెద్దాయన ఉన్నన్నాళ్లూ జనం విరగబడిన హోటల్ ఆయన పోయాక బోర్డుగా మాత్రం మిగలడం ఎన్నిసార్లు చూడలేదు? అందుకే 2023లో మళ్లీ అమెరికా వెళ్లినప్పుడు భయపడుతూనే ఎవెన్యూ జెలో దిగాం.

గది అదే, గోడలవే. కొట్టు బాధ్యత కుటుంబం చేతికి వచ్చింది. కౌంటర్ వెనక ఆ వంగిన నడుము లేదు. కానీ నూనె అలాగే గుండ్రంగా తిరిగింది. చివర్లో కత్తెర కరకరమంది. మొదటి ముక్క కొరికాక అమ్మాయి వాళ్లమ్మ మొహంలోకి చూసింది. ఆవిడ తాపీగా తిని, 'ఏళ్ల తరబడి పక్కన నిలబడి చూసిన చేతులు కదా, తప్పవు' అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మాయి కాగితం, కలం పట్టుకుని కూర్చుంది. 'అమ్మా, గోంగూర పచ్చడికి ఎండుమిర్చి ఎన్ని గ్రాములు? నూనె ఎన్ని చెంచాలు?'

మా ఆవిడ ఆ కాగితం తీసి పక్కన పెట్టేసింది. 'రేపు పొద్దున్నే లేచి నా పక్కన నిలబడు' అంది.