తొమ్మిది గంటల మజిలీ

'లేఓవర్' అనే మాట మా నక్కపల్లికి పిల్లల విదేశీ చదువులతోపాటు వచ్చింది. "మా వియ్యపురాలికి దుబాయిలో పదకొండు గంటలట పాపం" అని జబ్బుపడ్డవాళ్ల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. నిజానికి ఇంతకన్నా చక్కని మాట మనకి ఏనాడో ఉంది. మజిలీ!

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చూసుకుని, పూరీ మీదుగా కోస్తా దారిన 1831 సెప్టెంబరుకి ఇల్లు చేరారు. అన్ని నెలలూ ఆయనకి మజిలీలే. ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, జనం ఎలా బతుకుతున్నారో చూసి రాసుకుంటూ పోయారే తప్ప, "అయ్యో, ఇక్కడ ఆగిపోయానే" అని తల పట్టుకోలేదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు మీరూ చదివే ఉంటారు. మణిసిద్ధుడు మజిలీలో వంట సంగతి చూసుకుంటూంటే గోపకుమారుడు ఊళ్లోకి పోయి, ఏదో ఒక వింత చూసొచ్చి, "దీని కథేమిటి?" అని నిలదీస్తాడు. గమనించారా? ఊరంతా చూసెయ్యాలని వాడికి ఎప్పుడూ లేదు. ఒక్క వింత చాలు.

ఈ సూత్రం నాకు మా పిన్నిని మెల్‌బోర్న్ తీసుకెళ్లినప్పుడు అక్కరకొచ్చింది. కొడుకు దగ్గరికి, మనవరాలిని చూసుకోడానికి ప్రయాణం. అరవై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి విమానం. రాత్రి విశాఖలో ఎక్కితే తెల్లవారేసరికి సింగపూరు. రెండో విమానం మధ్యాహ్నం మూడు గంటలకి. మధ్యలో తొమ్మిది గంటలు!

దిగీదిగగానే తమ్ముడి ఫోను. "అమ్మా, కుర్చీలోంచి కదలకు. అక్కని కూడా ఎక్కడికీ పోనివ్వకు."

పిన్ని కదల్లేదు. ఒళ్లో సంచీ, సంచీలో మనవరాలికని కొన్న ఏటికొప్పాక లక్కపిడతలు. లేస్తే కుర్చీ పోతుందని, సంచీ పోతుందని, దారి తప్పుతుందని భయం. బాత్రూముకి లేవాల్సొస్తుందని మంచినీళ్లు కూడా తాగదు. మీరెప్పుడైనా పెద్ద విమానాశ్రయాల్లో చూడండి, చీరల్లో, పంచెల్లో మన పెద్దవాళ్లు సరిగ్గా ఇలాగే కూచుని ఉంటారు.

"నక్కపల్లిలో బస్సు కోసం కూకున్నట్టే ఉందే" అంది పిన్ని కాసేపటికి. "తుని బస్సొస్తే మీ బాబాయి పిలిచేవోరు, లేచేదాన్ని. బస్సు బోర్డు నానెప్పుడూ చూసుకోనేదు."

ఆవిడ మామూలుగానే అంది. నాకే ఆ మాట గుచ్చుకుంది. బాబాయి పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు లెమ్మనడానికీ కూచోమనడానికీ కొడుకు ఫోను!

"పిన్నీ, లే. ఊళ్లోకి వెళ్దాం."

మనవాళ్లకి సింగపూరు వీసా కావాలి. కానీ ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల వీసా ఉండి, ముందుకు సాగే టిక్కెట్టు చేతిలో ఉన్నవాళ్లని 96 గంటల దాకా వీసా లేకుండానే రానిచ్చే ఏర్పాటుంది. రాక వివరాలు ముందే ఇంటర్నెట్‌లో నింపాలి. చివరిమాట మాత్రం అక్కడి అధికారిదే. ఇలాంటి నిబంధనలు మారుతూంటాయి గనక బయల్దేరేముందు ఎవరికివారు సరిచూసుకోవాలి సుమండీ!

ఇక మిగిలింది లెక్క. ఈ లెక్క వెనకనుంచి కట్టాలి. మూడింటికి విమానమైతే పన్నెండుకల్లా తిరిగొచ్చెయ్యాలి. రానూ పోనూ దారి తీసేస్తే చేతిలో మిగిలేది రెండు మూడు గంటలు. కనక ఒక్కటే చూడాలి. మన గడియారం కన్నా అక్కడిది రెండున్నర గంటలు ముందుంటుంది. పిన్ని చేతిగడియారం మార్చడంతో మా యాత్ర మొదలైంది.

"ఏం చూస్తావు?"

"ఎంకన్నబాబు ఉన్నాడేటి ఇక్కడ?"

లేకేం! సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది. 1855 నాటిది. తైపూసం కావడుల ఊరేగింపు బయల్దేరేదీ అక్కణ్ణించే. టాక్సీలో అరగంట. పూలదండల వాసన తగలగానే పిన్ని నడక మారిపోయింది. దణ్ణం పెట్టుకుని, నావైపు తిరిగి, "గుర్రం ఏదే?" అంది. మా ఊరి పక్కనే ఉపమాకలో స్వామి గుర్రమెక్కి ఉంటాడు మరి! గోపకుమారుడి ప్రశ్న దొరికిందన్నమాట. ఆ స్వామి ఇక్కడికెలా వచ్చాడు, ఈ తమిళులు ఎప్పుడు వచ్చారు, మన తెలుగువాళ్లు ఉన్నారా అని ఇడ్లీ తింటున్నంతసేపూ అడుగుతూనే ఉంది. మంచినీళ్లు రెండు గ్లాసులు తాగింది.

తిరుగుప్రయాణంలో నేను రోడ్డు మీదికి చెయ్యెత్తబోతే ఆపింది. "ఉండే, నేను పిలుస్తాను." మొదటి టాక్సీ ఆగలేదు. రెండోది ఆగింది. పిన్ని మొహం చూడాల్సింది!

వీసా కుదరనివాళ్లకీ, ఓపిక లేనివాళ్లకీ లోపలే కాలక్షేపముంది. రెండో టెర్మినల్లో పొద్దుతిరుగుడు పూలతోట, మూడోదాంట్లో సీతాకోకచిలకల తోట. పేరుపొందిన జ్యుయెల్ జలపాతం మాత్రం గడప అవతల ఉంది. టెర్మినళ్ల మధ్య తిరిగే చిన్న రైల్లోంచి చూసి తృప్తిపడాలి.

ఆర్నెల్ల తర్వాత పిన్ని ఒక్కతే తిరిగొచ్చింది. సింగపూరులో ఏడు గంటలు. తమ్ముడు గాభరాపడి ఫోను చేస్తే, "పొద్దుతిరుగుడు పూల దగ్గరున్నానురా, మళ్లీ చెయ్యి" అని పెట్టేసిందట. వాడు నామీద కోపంగా ఉన్నాడు. ఉండనివ్వండి.

అమ్మల్నీ నాన్నల్నీ విమానం ఎక్కించే పిల్లలకి నాదొక్క మాట. "కదలకు" అని చెప్పకండి. ఎన్నింటికల్లా తిరిగి రావాలో చెప్పండి. చాలు.