మూడు పాయలు, ఒక పాత బండి

ధవళేశ్వరం దాటితే సముద్రం దాకా కొండన్నది కనపడదు. చేలు, కాలువ, కొబ్బరితోట, మళ్ళీ చేలు. బండి టాప్ గేరులో పడిందంటే ఊరొచ్చేదాకా మార్చే పనే ఉండదు. గోదావరి డెల్టాలో ఎక్కుడు, దిగుడు రెండూ కావాలంటే వంతెన దగ్గరకే వెళ్ళాలి. వైనతేయ మీద బోడసకుర్రు, వసిష్ఠ మీద చించినాడ, సిద్ధాంతం, గౌతమి మీద జొన్నాడ. మొన్న ఫిబ్రవరిలో నాన్న, నేను, మా బావ ఒక ఆదివారమంతా ఈ వంతెనల కోసమే తిరిగాం. ఆయిల్ తాగేస్తున్న పాత ఇంజన్‌కి జబ్బెక్కడుందో చెప్పేది ఎక్కుడూ దిగుడులే కాబట్టి.

బండి పేరెందుకు లెండి. 90ల్లో వీధికి నాలుగు కనపడే వంద సీసీ ఫోర్‌స్ట్రోక్. 1996లో రిజిస్టరైంది, నాకంటే రెండేళ్ళు పెద్దది. నాన్న మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా దాని మీదే రాజమండ్రి నుంచి అమలాపురం, రాజోలు, పాలకొల్లు తిరిగేవారు. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్. ఆ లెక్కన 2011, 2016, 2021 అయిపోయి ఈ 2026లో మళ్ళీ వంతు వచ్చింది. నీలం పొగ కొట్టే బండిని తీసుకెళ్ళి ‘బాగానే ఉందండీ, రాసివ్వండి’ అనలేం కదా. అమ్మ అయితే అమ్మేయమనే అంటోంది. “దారిలో ఆగిపోతే ఈ వయసులో తోసుకుంటూ వస్తారా?” అని.

ఇంటి దగ్గర షాపులో చూపిస్తే కిక్కు కొట్టి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి, “బోరుకొచ్చేసిందండీ, బ్లాక్ పిస్టన్ చేయించేయండి, ఆరున్నర వేలు” అన్నారు. డబ్బు ఒక్కటే కాదు సమస్య. ఈ ఇంజన్ బోరు 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడు లేత్ మీద కాస్త కోసి పెద్ద పిస్టన్ వేస్తారు. పాయింట్ 25 పెద్దది, తర్వాత పాయింట్ 50, 75, చివరికి ఒక మిల్లీమీటరు. అక్కడితో బ్లాక్ ఆయుష్షు అయిపోయినట్టే. మాది 2011లోనే ఒక మెట్టు దిగింది. అవసరం లేకుండా ఇంకోసారి కోయించడం నాన్నకి ఇష్టం లేదు. అవసరమా కాదా అన్నదే తేలాలి.

ఇంజన్లో ఆయిల్ కాలిపోవడానికి దారులు ముఖ్యంగా రెండు. ఒకటి కింద నుంచి. పిస్టన్ రింగులో బోరో అరిగితే, గోడకి పూసుకున్న ఆయిల్‌ని రింగు గీకి కిందకి దింపలేదు, అది మంటలో కాలుతుంది. రెండోది పై నుంచి. హెడ్‌లో వాల్వ్ కాడలకి చిన్న రబ్బరు సీళ్ళుంటాయి. ఏళ్ళ తరబడి వేడికి అవి గాజుముక్కలా గట్టిపడిపోతే, పైనున్న ఆయిల్ కాడ వెంబడి లోపలికి జారుతుంది. రెండింట్లోనూ వచ్చేది నీలం పొగే. తేడా ఎప్పుడొస్తుందన్న దాంట్లో ఉంది. రింగులు పోతే బరువు లాగేటప్పుడు, ఏక్సిలేటర్ తిప్పినంతసేపూ పొగ. సీళ్ళు పోతే పొద్దున్న మొదటి కిక్కుకి ఒక గుప్పు. లేదంటే ఏక్సిలేటర్ పూర్తిగా వదిలేసి దిగుడు దిగి, మళ్ళీ తిప్పగానే ఒక గుప్పు. వదిలేసినప్పుడు ఇంజన్ గాలి కోసం గట్టిగా పీలుస్తుంది, గాలి దొరక్క ఆయిల్ లాక్కుంటుంది. (చలికాలం పొద్దున్న సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటిది ఆవిరి, దానికి బెంగపడక్కర్లేదు. నల్లపొగ పెట్రోలు ఎక్కువైందని చెప్పడం.)

నాన్న తరానికి పొగ ఒక తప్పుగా అనిపించదు. వాళ్ళు చూసినవి రాజ్‌దూత్‌లు, యెజ్డీలు. టూస్ట్రోక్ బండ్లు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేదే కాల్చడానికి. 1985లో సీడీ 100 వచ్చాక కదా ‘పొగలేని బండి’ అన్న మాట మన ఊళ్ళకి తెలిసింది.

బయల్దేరే ముందు వారం రోజులు రాజమండ్రిలోనే కొలిచాను. మందుల షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి కొన్నా. బండిని సమంగా ఉన్న చోట మెయిన్ స్టాండ్ వేసి, ఆపిన అయిదు నిమిషాలకి డిప్‌స్టిక్ తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. ఈ రకం బండ్లకి అదే పద్ధతి. పై గీత దాకా నింపి, తిరిగి, మళ్ళీ పై గీతకి రావడానికి ఎంత పట్టిందో సిరంజితో లెక్క. కోటగుమ్మం, దేవీచౌక్, మెయిన్ రోడ్డు ట్రాఫిక్‌లో 160 కిలోమీటర్లకి 80 మిల్లీలీటర్లు. అంటే వెయ్యికి అర లీటరు. ఇంజన్లో ఉండేదే లీటరు లోపు. చూసుకోకుండా రెండు వేలు తిరిగితే సీజ్ అయిపోయేదే.

ఆదివారం ఆరింటికి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కాం. వెనక నాన్న, బరువు కోసం. మా వెనక స్కూటీ మీద బావ, పొగ చూడ్డానికి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేస్తే, ఇప్పుడు మనం దాటేది 1982లో పూర్తయిన బ్యారేజీ. మొత్తం 175 గేట్లు. బల్లపరుపుగా ఉంటుంది, మా పరీక్షకి పనికిరాదు. బొబ్బర్లంక దగ్గర కాలువగట్టు పట్టుకుని లొల్ల లాకుల దాకా వచ్చాం. పొద్దుటి మంచులో లాకుల దగ్గర నీళ్ళ చప్పుడు, ఆ చెట్లు... అక్కడ పావుగంట ఆగకపోతే గోదావరి జిల్లా వాడే కాదు. దాళ్వా నాట్లు అయిపోయి చేలన్నీ లేత పచ్చగా ఉన్నాయి.

గట్టు దుమ్ము ఒక సాయం చేసింది. ఆయిల్ బయటికి కారుతుంటే దుమ్ము తడికి అతుక్కుని అట్ట కడుతుంది. రావులపాలెంలో పెసరట్టు తినే ముందు వంగి చూశాను. ట్యాపెట్ కవర్ పొడిగా ఉంది. ముందు చక్రపళ్ళ వెనకుండే సీలు దగ్గర మాత్రం కొంచెం నల్లటి అట్ట. చెయిన్ అక్కడ కారిన ఆయిల్‌ని విసిరేస్తూ ఉంటుంది కాబట్టి కింద చుక్క పడదు, చాలామంది కనిపెట్టలేరు. కానీ అర లీటరు పోయేంత కాదు అది.

కొత్తపేట, అంబాజీపేట. కొబ్బరికాయల రాశులు, ఒక్కో బండికి రెండు వైపులా గెలలు వేలాడదీసుకుని వెళ్ళేవాళ్ళు. ఈ ప్రాంతంలో వంద సీసీ బండి లారీ చేసే పని చేస్తుంది. చేపల మేత బస్తాలు, పాల క్యాన్లు, వరి నారు. ఇక్కడి బండ్లకి రింగులు త్వరగా పోతాయంటే పోవా మరి. నాన్న మోసింది మందుల బ్యాగు ఒక్కటే. ఆ సంగతి నాకు కొంచెం ధైర్యం.

అమలాపురం దాటి బోడసకుర్రు వంతెన. వైనతేయ మీద. మూడో గేరులో పెట్టి, ఏక్సిలేటర్ పూర్తిగా తిప్పి ఎక్కించాను. పాపం, ఇంజన్ మూలిగింది. అద్దంలో చూస్తే బావ ఒక చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. పొగ లేదు. అవతలి దిగుడులో అదే గేరులో ఏక్సిలేటర్ పూర్తిగా వదిలేసి, కింద దాకా వచ్చాక ఒక్కసారి తిప్పాను. వెనక నుంచి హారన్ మోత. పక్కకొచ్చి, “ఒరేయ్, దోమల మందు కొట్టినట్టు కొట్టిందిరా!” అన్నాడు.

ఆగాం. వంతెనకి అవతల పాశర్లపూడి. 1995 జనవరిలో గ్యాస్ బావి పేలి రెండు నెలలకి పైగా మండింది ఇక్కడే. నాన్న ఆ మంట రాత్రిళ్ళు ఎంత దూరం నుంచి కనపడేదో చెబుతుంటే బావ, “మావయ్యా, మన బండి పొగ దాని ముందెంతలే” అన్నాడు.

రాజోలు మీదుగా దిండి, ఆ తర్వాత చించినాడ వంతెన. వసిష్ఠ ఇక్కడ వెడల్పుగా, నిమ్మళంగా ఉంటుంది. ఈసారి నాన్న నడుపుతానన్నారు, నేను వెనక కూర్చున్నా. వంతెన లేని రోజుల్లో బండిని పంటు ఎక్కించి దాటేవారట. పంటు వెళ్ళిపోతే గట్టు మీద టీ తాగుతూ ఇంకో గంట. “నెలలో రెండు రోజులు నా ఉద్యోగం రేవుల్లో కూర్చోడమేరా” అన్నారు నవ్వుతూ. పరీక్ష ఫలితం అదే. ఎక్కుడులో శుభ్రం, దిగుడు చివర గుప్పు. నడిపే చెయ్యి మారినా మారలేదు.

పన్నెండింటికి పాలకొల్లు. అక్కడికి 115 కిలోమీటర్లు. సిరంజి తీశాను: 25 మిల్లీలీటర్లు. వెయ్యికి 220 లోపు. ఊళ్ళో ఆగుతూ, వదులుతూ తిప్పినప్పుడు అర లీటరు తాగిన ఇంజన్, దూరం రోడ్డు మీద బరువుతో పరిగెత్తినప్పుడు అందులో సగం కూడా తాగలేదు. రింగుల జబ్బయితే తిరగబడాలి. ఒక్కరోజు లెక్కని సాక్ష్యం అనలేం, సరే. కానీ రెండు వంతెనలు, సిరంజి ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి.

2011లో బోరు చేసిన మేస్త్రి గారు ఇప్పటికీ అదే షెడ్డులో ఉన్నారు. విన్నారు, తల ఊపారు, కానీ నా మాట నమ్మి స్పానర్ పట్టలేదు. అది నచ్చింది నాకు. ప్లగ్గు విప్పి కంప్రెషన్ గేజ్ పెట్టి, ఏక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోమని కిక్కులు కొట్టారు. తొమ్మిదిన్నర. ప్లగ్గు కన్నంలోంచి చిన్న చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొట్టారు. పది. “రింగులు పోయుంటే ఆయిల్ పోయగానే సందు మూసుకుపోయి రెండు, మూడు పెరగాలి బాబూ. ఇది అర పెరిగింది. వయసుకి అంత అరుగుదల ఉంటదండి. హెడ్డు దించుదాం, బ్లాకు జోలికెళ్ళొద్దు.”

హెడ్ దించాక చూపించారు. పిస్టన్ తల మీద మసి పొడిగా, అంచుల దాకా ఒకేలా ఉంది. రింగుల నుంచి ఆయిల్ పైకొస్తుంటే అంచు చుట్టూ కడిగినట్టు తేటగా కనపడేదిట. ఇన్‌టేక్ వాల్వ్ వీపు మీద మాత్రం తారు ముద్దలా గడ్డకట్టింది. పాత సీలు వేళ్ళతో నలిపితే వంగలేదు, పటుక్కున విరిగింది. గైడులో వాల్వ్‌ని అటూ ఇటూ ఊపి, “కొంచెం లూజుంది. ఇంకో రెండేళ్ళు లాగుతుంది. అప్పుడు చూద్దాం” అన్నారు.

వాల్వ్‌లు పేస్టు పెట్టి రుద్దే లోపు మేం క్షీరారామం గోపురం చూసి, భోంచేసి వచ్చాం. సీళ్ళు, హెడ్ గాస్కెట్, ముందు చక్రం సీలు, కొత్త ఆయిల్, కూలీ కలిపి పద్దెనిమిది వందలు. అయిదు దాటింది.

తిరుగు దారి హైవే. సిద్ధాంతం వంతెన మీద, ఆ తర్వాత రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీద అదే పరీక్ష. సైలెన్సర్లో మిగిలిన పాత ఆయిల్ వల్ల సిద్ధాంతం దిగుడులో పల్చగా కాస్త వచ్చింది. జొన్నాడలో చీకటి పడింది, బావ హెడ్‌లైట్ వెలుగులో కళ్ళు చికిలించి చూశాడు గానీ ఏమీ కనపడలేదన్నాడు.

తర్వాత నెల రోజుల్లో నాన్న రాజమండ్రిలోనే 400 కిలోమీటర్లు తిప్పారు. సిరంజి ఆయన దగ్గరే వదిలేశాను. మొన్న ఫోన్‌లో చెప్పిన అంకె 20 మిల్లీలీటర్లు. రెన్యువల్‌కి స్లాట్ బుక్ చేయమన్నారు. అది అయ్యాక నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్ళి, అక్కణ్ణుంచి అంతర్వేది పోదామంటున్నారు. అక్కడ ఇంకా పంటే.